నీళ్లలో నిలబడే జీడి చెట్టు



ఈ వారం గూళ్ల రేటు లేదు, ఊజీ ఈగ సంగతి లేదు. ఒక చెట్టు కథ చెప్తాను. దాని ఆకుతో మన పురుగుకు పని లేదు, దాని కాయకు ఏ మార్కెట్లోనూ రేటు లేదు. అయినా ఆ చెట్టును చూసి వచ్చినప్పటి నుంచి మల్బరీ సాళ్ల మధ్య నడిచినప్పుడల్లా అదే మనసులో మెదులుతోంది. కొంచెం పొడుగ్గా ఉంటుంది. సాయంత్రం మేపు వేసేసి, చెయ్యి కడుక్కుని, తీరిగ్గా చదవండి.

నేనుండేది బెంగళూరు హూడిలో. వైట్‌ఫీల్డ్ మెట్రో 2023లో మొదలయ్యాక ఈ పేరు చాలామందికి తెలిసింది. టీ అంగడి దగ్గర నిలబడితే కన్నడం ఎంత వినిపిస్తుందో తెలుగూ అంతే వినిపిస్తుంది. కోలారు, మదనపల్లె, హిందూపురం, అనంతపురం... మన జనమే. మా రెండెకరాల ఆకు తోట శ్రీనివాసపురం పక్క ఊళ్లో ఉంది, తమ్ముడు చూసుకుంటాడు. నాలుగో జ్వరం లేచి పురుగు గబగబా మేసే రోజుల్లో నేనూ సెలవు పెట్టి పోతాను. ఆ వారం ఎన్ని చేతులున్నా చాలవని మీకు చెప్పాలా.

2024 మార్చిలో బెంగళూరు నీళ్ల కరువు మీరూ టీవీలో చూసే ఉంటారు. బోర్లు ఎండిపోయాయి. మా వీధిలో తెల్లవారుజామున ట్యాంకర్ హారన్‌తోనే మెలకువ వచ్చేది. ఒకరోజు టీ అంగడి దగ్గర ఒకాయన అన్నాడు: "శరావతి నీళ్లు తెచ్చేస్తే పోయె కదన్నా, అక్కడ సముద్రం పాలవుతున్నాయి." అందరూ తలాడించారు. నేనూ ఆడించాను.

ఆ మాట కొత్తదేం కాదు. 2019లోనే లింగనమక్కి డ్యాం నుంచి బెంగళూరుకు నీళ్లు తేవాలన్న ఆలోచన ప్రభుత్వం బయటపెట్టింది. డ్యాం ఉన్నది శివమొగ్గ జిల్లాలో, ఇక్కడికి దగ్గర దగ్గర 400 కిలోమీటర్లు. ఆ ఏడాది జులైలో శివమొగ్గ జిల్లా బంద్ చేసింది. అప్పట్లో నాకు వాళ్ల మీద కోపమే వచ్చింది. మనం వెయ్యి అడుగులు బోరు వేసి గుక్కెడు నీళ్ల కోసం ఏడుస్తుంటే, వానలు దంచికొట్టే ఊరివాళ్లకు ఇవ్వడానికి ఏం కష్టం అనుకున్నా.

మొన్న వానాకాలం అయ్యాక ఆఫీసులో నాతో పనిచేసే కుర్రాడు వాళ్ల ఊరికి పిలిచాడు. వాళ్లది ఉత్తర కన్నడ జిల్లా సిద్దాపుర తాలూకా. నాన్నది వక్క తోట. జోగ్ జలపాతం చూసి, అక్కడి నుంచి హొన్నావర వైపు ఘాట్ దిగే దారిలో ఒక అడవి చూపిస్తానన్నాడు. దాని పేరు కత్తలెకాను. కోలారు పక్క వాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు, కత్తలె అంటే చీకటి. కాను అంటే ఆ పక్క ఏడాదంతా పచ్చగా ఉండే దట్టమైన అడవి. చీకటడవి అన్నమాట.

పేరుకు తగ్గట్టే ఉంది. పట్టపగలు పదకొండు గంటలకు ఫోన్‌లో ఫొటో తీస్తే నల్లగా వచ్చింది.

లోపలికి పోవాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. అది ముందే తీసుకున్నారు, అటవీ సిబ్బంది ఒకాయన మాతో వచ్చాడు. రెండు గుట్టల మధ్య చదునైన చిన్న లోయ. అందులో ఒక సన్నని వాగు. వాగు అంటే పారే వాగు కూడా కాదు, మన చెరువు కింద జౌకు నేలలో నీళ్లు ఎలా ఊరుతుంటాయో అలా నేలంతా ఊట. ఆ బురదలో, నీళ్లలో, వంద అడుగుల చెట్లు నిలబడి ఉన్నాయి. వేర్లు బురదలోంచి పైకి వచ్చి, మోకాలు మడిచినట్టు వంగి, మళ్లీ బురదలోకి దిగుతున్నాయి. అడుగు వేద్దామంటే చోటు లేదు, అంతా ఆ మోకాళ్లే.

వేరుకుళ్లు వచ్చిన తోట ఎలా ఉంటుందో మనకు తెలుసు. మల్బరీ మొదట్లో పది రోజులు నీళ్లు నిలిస్తే వేరుకు ఊపిరి ఆడదు, ఆకు పసుపెక్కుతుంది. మరి ఈ చెట్లు ఏళ్ల తరబడి నీళ్లలో ఎలా బతుకుతున్నాయంటే, ఆ మోకాలి వేర్లే వాటి ముక్కు. బురదలో దొరకని గాలిని అవి పైనుంచి పీల్చుకుంటాయి. ఇలా నిలబడే చెట్లలో ఎక్కువ భాగం మన వంటింటి జాజికాయకు చుట్టాలు. అందుకే శాస్త్రం చదివినవాళ్లు వీటిని మిరిస్టికా చిత్తడులు అంటారు. మిరిస్టికా అంటే జాజి జాతి. 1960లో కేరళలో తిరువాంకూరు ప్రాంతం చిత్తడుల గురించి కృష్ణమూర్తి అనే ఆయన మొదటిసారి రాశారు. ఉత్తర కన్నడలో ఉన్నవాటి మీద బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన సుభాష్ చంద్రన్, ఆయనతో పనిచేసేవాళ్లు 1999లో రాశారు. కేరళలో తప్ప వేరే చోట లేదనుకున్న ఒక అడవి నేరేడు జాతి కూడా వాళ్లకు ఈ పక్క చిత్తడుల్లో దొరికింది.

నేను చూడటానికి పోయింది జాజి చెట్లను కాదు. వాటి మధ్య ఉన్న ఇంకో చెట్టును.

మాతో వచ్చినాయన ఒక మాను దగ్గర ఆగి "ఇదే, ముట్టుకోకండి" అన్నాడు. ఎందుకని అడిగితే, "గేరు జాతి సార్, పాలు తగిలితే ఒళ్లు పొక్కుతుంది" అన్నాడు. గేరు అనగానే వెలిగింది. మనూళ్లలో నల్లజీడి లేదూ? చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టే జీడి గింజ. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని ఆ నల్ల మచ్చ. జీడి రసం పడి చెయ్యి బొబ్బలెక్కిన పిల్లలు మన చిన్నప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉండేవాళ్లు, మా ఇంట్లో అయితే అది నేనే. ఈ చెట్టు ఆ నల్లజీడికి తోబుట్టువు. శాస్త్రం పేరు సెమెకార్పస్ కత్తలెకానెన్సిస్. సెమెకార్పస్ అనేది గ్రీకు మాటల్లోంచి వచ్చింది, గుర్తు పెట్టే కాయ అని అర్థం. మన చాకలివాళ్ల పనే ఆ జాతికి పేరయింది చూడండి. రెండో మాట ఈ ఊరి పేరు.

మామిడి, జీడిమామిడి, నల్లజీడి, ఇది, అన్నీ ఒకే కుటుంబం. శ్రీనివాసపురం మామిడి తోటల్లో పుట్టి పెరిగిన నాకు ఇలా ఒక చుట్టం ఉందని ఈ వయసులో తెలిసింది.

నాకే కాదు. ఇంత పెద్ద చెట్టుకు 2000 సంవత్సరం దాకా శాస్త్రంలో పేరే లేదు. ఆ ఏడాది దాసప్ప, ఎం.హెచ్. స్వామినాథ్ అనే ఇద్దరు దాన్ని కొత్త జాతిగా గుర్తించి ఇండియన్ ఫారెస్టర్ పత్రికలో రాశారు. గడ్డిపరక కొత్తగా దొరికిందంటే నమ్మొచ్చు. మేడంత ఎత్తు మాను, బస్సులు పోయే రోడ్డుకు అంత దగ్గర్లో, మొన్నమొన్నటిదాకా లెక్కలోకి రాలేదంటే ఆ చీకటి ఎంత చీకటో మీరే ఊహించుకోండి.

ఎన్ని ఉన్నాయని అడిగాను. కాపుకొచ్చే పెద్ద చెట్లు వంద లోపే. వంద ఎకరాలకు కాదు, జిల్లాకు కాదు, ఉన్నవన్నీ కలిపి. అవి కూడా ఒక్కచోట లేవు. తలా కొన్ని చొప్పున, విడివిడిగా ఉన్న కొద్దిపాటి చిత్తడుల్లో ఉన్నాయి. మనం ఎకరాకు నాలుగున్నర వేలకు పైగా మల్బరీ మొక్కలు పెడతాం, మూడడుగుల మీద. నా తోటలో ఒక్క సాలులో ఉన్నన్ని చెట్లు కూడా ఆ జాతి మొత్తానికి లేవు.

అక్కడే నాకొక తిక్క ప్రశ్న వచ్చింది, మీకూ వచ్చి ఉంటుంది. వందే ఉంటే కొమ్మలు కోసి నాటొచ్చు కదా? మనం చేసే పనే. ఎనిమిది నెలల కట్టె తీసుకుని, మూడు నాలుగు కన్నులున్న ముక్కలు కోసి, నారుమడిలో గుచ్చితే మూడు నెలల్లో లక్ష మొక్కలు. వీ-వన్ మనందరి తోటల్లోకి అలాగే వచ్చింది. మైసూరు సీఎస్ఆర్టీఐ వాళ్లు ఎస్-30కి, బెర్ సీ-776కి కలిపి చేసిన రకం అది. ఆ ఒక్క తల్లి మొక్క కట్టే ముక్కలు ముక్కలై రాయలసీమ, కోలారు, రామనగర, హోసూరు అంతా పరుచుకుంది. నా తోటలోది, మీ తోటలోది వేర్వేరు మొక్కలు కావు. ఒకే మొక్క, వేర్వేరు చోట్ల.

ఈ జీడి చెట్టు దగ్గర ఆ లెక్క కుదరదు. వీటిలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. ఆడ చెట్టు కొమ్మ కోసి నాటితే ఆడదే వస్తుంది, మగది నాటితే మగదే. లక్ష నాటినా గింజ రాదు. మల్బరీలోనూ ఆడ మగ వేర్వేరుగా ఉండే రకాలున్నాయి, కానీ మనం ఆకు కోసం పెంచుతాం, పువ్వు ముఖం చూసే లోపలే కొట్టేస్తాం కాబట్టి పట్టించుకోం. గ్రెయినేజీ చూసినవాళ్లకు మాత్రం ఇది వెంటనే తెలుస్తుంది. ఆడ గూళ్లు ఒక గదిలో, మగ గూళ్లు ఇంకో గదిలో పెట్టి మధ్య తలుపుకు తాళం వేస్తే గుడ్లు వస్తాయా? మాత్‌లు బయటికి వస్తాయి, రెక్కలు కొట్టుకుంటాయి, చస్తాయి. అంతే.

ఒక చిత్తడిలో నాలుగు ఆడ చెట్లు ఉండి, దగ్గరి మగ చెట్టు రెండు గుట్టల అవతల ఉంటే జరిగేది అదే. పూలు చిన్నవి, గుత్తులుగా పూస్తాయి. మధ్యలో వాగు ఎండి, అడవి తెగి, రోడ్డు పడి, తోటలు వచ్చేస్తే ఏ పురుగు ఆ పుప్పొడి మోసుకుని అంత దూరం వస్తుంది? చెట్టు నిండా పూత, కింద ఒక్క మొలక లేదు. చూడటానికి పచ్చగానే ఉంటుంది. అది బతికున్నట్టా, లేనట్టా?

దీని మీద శిరసి అటవీ కళాశాల వాళ్లు చాలా ఏళ్లుగా పనిచేశారు. ధారవాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందిది ఆ కళాశాల. ఆర్. వాసుదేవ అనే ప్రొఫెసరు, ఆయన శిష్యులు ఎక్కడ ఏ చెట్టు ఉంది, ఏది ఆడ, ఏది మగ అని వివరంగా పరిశీలించారు. గింజలు ఏరి నర్సరీలో మొలిపించి, అటవీ శాఖతో కలిసి తిరిగి చిత్తడుల్లో నాటారు. చెప్పడానికి రెండు వాక్యాలే గానీ, ఈ చిత్తడి చెట్ల గింజలతో ఎంత గోలో వింటే మన డీఎఫ్ఎల్‌ల రవాణా నయమనిపిస్తుంది. జాజి జాతి గింజలనే చూడండి. మనం రాగి గింజ ఎండబెట్టి దాచినట్టు వాటిని దాచలేం. ఎండితే చచ్చిపోతాయి. పడిన కొన్ని రోజుల్లోనే తడి నేల దొరకాలి. సంచిలో పోసి "వచ్చే ఏడాది చూద్దాం" అనేది లేదు. నీటిలో పుట్టిన జాతికి గింజ నుంచే నీళ్లు కావాలి.

ఇప్పుడు నీళ్ల దగ్గరికి వద్దాం. అసలు సంగతి అదే.

మా కోలారులో ఏడాదికి 700-750 మిల్లీమీటర్ల వాన. అనంతపురంలో 550 దగ్గర. కత్తలెకాను పక్క 3,000 దాటుతుంది. అన్ని వానలు పడితే ఎక్కడైనా చిత్తడి ఉంటుంది అనుకుంటాం. అక్కడే పొరపాటు. ఆ వాన అంతా జూన్ నుంచి సెప్టెంబర్ లోపలే. ఆ తర్వాత ఆరేడు నెలలు అక్కడా పెద్దగా ఏం పడదు. ఏప్రిల్లో కూడా ఆ బురద తడిగా ఉండాలంటే, నాలుగు నెలల వానను పైనున్న గుట్ట మింగి, మిగతా ఎనిమిది నెలలు బొట్టుబొట్టుగా వదలాలి. గుట్ట మీద అడవి ఉంటేనే అది సాధ్యం. రాలిన ఆకు దుప్పటిలా పరుచుకుని ఉంటుంది, దాని కింద నేల గుల్లగా ఉంటుంది, వాన పడ్డది పడ్డట్టు లోపలికి దిగుతుంది. గుట్ట బోడి చేస్తే అదే వాన ఒక్క గంటలో ఎర్రనీళ్లై కిందికి పోతుంది, జనవరికి లోయ ఎండుతుంది. చెట్టును ఎవరూ నరకక్కర్లేదు. పైన గుట్ట మీద అడవి పోతే చాలు, కింద ఇది తనంతట తనే పోతుంది.

డ్రిప్ పైపు మూసుకుపోతే ఆ చివరి సాళ్లకు ఏమవుతుందో మనం చూస్తాం కదా. ఎండిన మొక్క దగ్గర నిలబడి తిట్టుకుంటే లాభం లేదు, పైకి పోయి ఫిల్టర్ చూడాలి.

సాయంత్రం ఆ కుర్రాడి ఇంట్లో కోకం షర్బత్ తాగుతూ వాళ్ల నాన్నను అడిగాను. "అంకల్, మీరంతా వక్క తోటలకు ఆ చిత్తడులు చదును చేసేశారంట కదా?" కొంచెం దురుసుగానే అడిగానేమో. ఆయన నవ్వాడు. "చేశాం తమ్మా. వక్కకు కావాల్సింది ఏమిటి? చల్లని లోయ, ఎండిపోని నీళ్లు. ఆ చెట్టుకు కావాల్సిందీ అదే. మా తాతలు ఎక్కడ నీళ్లున్నాయో అక్కడ కాలువ తీసి తోట వేశారు, వరి వేశారు. మీ తాతలు చెరువు కింద ఏం చేశారు?"

నా దగ్గర జవాబు లేదు. మా తాతలు చెరువు కింద వరి వేశారు. మా నాన్న తరం చెరువులోపలే వేసింది.

ఆయనే ఇంకో సంగతి చెప్పాడు. అది మన రైతులందరూ వినాల్సింది. ఆ ప్రాంతంలో సొప్పినబెట్ట అని ఒక పద్ధతి ఉంది. సొప్పు అంటే తెలుసుగా, ఆకు. మనం హిప్పునేరళె సొప్పు అంటామే, అదే సొప్పు. బెట్ట అంటే గుట్ట. ఎకరా వక్క తోట ఉన్నవాడికి దాదాపు 9 ఎకరాల దాకా అడవి గుట్ట మీద ఆకు, రెమ్మ తెచ్చుకునే హక్కు ఇచ్చారు, బ్రిటిష్ వాళ్ల కాలం నుంచీ. నేల వాళ్లది కాదు, ఆకు మాత్రం వాళ్లది. ఆ ఆకు పశువుల కింద పరిచి, పేడతో కలిపి తోటకు వేస్తారు. ఎకరా తోట తొమ్మిది ఎకరాల గుట్టను తింటుందన్న లెక్క అప్పుడే వాళ్లకు తెలుసు. కొందరు కొమ్మలు జాగ్రత్తగా కోసుకుని గుట్టను నిలబెట్టుకున్నారు, కొందరు మోడు చేశారు. గుట్ట నిలబెట్టుకున్న వాళ్ల తోటల్లో మే నెలలోనూ కాలువ పారుతుందని ఆయన మాట. "మా నీళ్లు ఆ గుట్ట మీదే ఉన్నాయి తమ్మా, పైపులో లేవు."

అంతకుముందు కాలంలో కానులను ఊళ్లవాళ్లే దేవుడి పేరు మీద కాపాడేవాళ్లు. లోపల దేవర ఉంది, గొడ్డలి పెట్టకూడదు అనేవాళ్లు. మిరియం తీగ పాకించుకోవడం, తేనె తీసుకోవడం, అంతవరకే. తెల్లదొరలు వచ్చి అది సర్కారు ఆస్తి అన్నాక ఆ కట్టుబాటు సడలింది. ఇప్పుడు మిగిలిన చిత్తడులు ఎక్కువగా అలాంటి పాత కానుల లోపలే ఉన్నాయి. దేవుడి భయం కొంత, దారి లేకపోవడం కొంత, వాటిని కాపాడాయి.

2011లో కత్తలెకానుతో కలిపి అఘనాశిని ప్రాంతాన్ని సింగలీకాల కోసం, అంటే సింహం తోక కోతుల కోసం, రక్షిత అడవిగా ప్రకటించారు. 2019లో దాన్ని శరావతి లోయ అభయారణ్యంతో కలిపేశారు, మొత్తం 930 చదరపు కిలోమీటర్లు. కోతి పేరు చెప్పి చెట్టుకూ రక్షణ దొరికింది. పోస్టర్ మీద ఎవరి బొమ్మ ఉన్నా నాకు అభ్యంతరం లేదు, పని జరిగితే చాలు.

కానీ అదే లోయలో 2,000 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ కరెంటు పథకం కూడా ప్రతిపాదనలో ఉంది. కింది రిజర్వాయర్ నీళ్లను పైకి ఎక్కించి, కరెంటు కావాల్సినప్పుడు కిందికి వదిలేది. దానికి సొరంగాలు, రోడ్లు, లైన్లు కావాలి. అక్కడి జనం, శాస్త్రవేత్తలు వద్దంటున్నారు. కరెంటు అందరికీ కావాలి, చాకీ గదిలో హీటర్ వేసుకునే నేనూ కరెంటు వద్దనలేను. అయితే ఇంకెక్కడైనా కట్టగలిగిన దానికి, ఇంకెక్కడా లేని చిత్తడి ఉన్న లోయనే ఎందుకు పట్టుకోవాలన్నది న్యాయమైన ప్రశ్నే అనిపిస్తుంది.

లింగనమక్కి నీళ్ల సంగతికి వస్తే నిజం నిజంగా చెప్పాలి. డ్యాం నీళ్లు వేరు, కత్తలెకాను చిత్తడి నీళ్లు వేరు. డ్యాంలో పైపు పెట్టినంత మాత్రాన ఈ చెట్టు మరునాడే ఎండిపోదు. అది తన గుట్ట మీద పడిన వాన మీదే బతుకుతుంది. కానీ డ్యాం నిండేదీ, ఎండాకాలంలో ఏర్లు పారేదీ ఇలాంటి వందల చిన్న లోయల వల్లే. వాటిని ఒక్కొక్కటీ పోగొట్టుకుంటూ, చివర్లో పెద్ద మోటారు పెట్టి ఏం లాగుతాం? "సముద్రం పాలవుతున్నాయి" అని ఇప్పుడు నేను అనలేను. సముద్రంలో కలిసే ముందు ఆ నీళ్లు ఎన్ని పనులు చేస్తున్నాయో చూశాను కాబట్టి.

మనకూ ఆ కొండలకూ సంబంధం లేదనుకునేవాళ్లు కోలారు చెరువుల దగ్గరికి పోయి చూడండి. బెంగళూరు తాగే కావేరి కొడగు అడవి కొండల్లో పుట్టింది. దాన్ని వంద కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు అర కిలోమీటరు ఎత్తుకు ఎక్కించి ఊరికి తెస్తున్నారు. ఊరు వాడి వదిలిన నీళ్లను శుద్ధి చేసి 2018 నుంచి కేసీ వ్యాలీ కాలువల్లో కోలారు చెరువులకు వదులుతున్నారు. శుద్ధి సరిగ్గా ఉందా లేదా అన్న గొడవ వేరే ఉంది, దాని మీద ఇంకో వారం మాట్లాడుకుందాం. చెరువు నిండితే బోరు పైకొచ్చింది, బోరు పైకొస్తే మల్బరీ పెరిగింది. అంటే పడమటి కొండల వాన హూడి వంటి చోట్ల పైపుల్లోంచి, మురుగు కాలువల్లోంచి తిరిగి తిరిగి వచ్చి కోలారు ఆకులో చేరుతోంది. మన పురుగు మేసే ఆకులో ఆ కొండల తడి ఉంది.

మల్బరీ విషయంలో మన పక్కన ఒక మంచి ఏర్పాటుంది, చాలామందికి తెలియదు. హోసూరులో కేంద్ర పట్టు మండలి వాళ్ల జన్యు వనరుల కేంద్రం ఉంది. అక్కడ వెయ్యికి పైగా మల్బరీ రకాలను తోటలో బతికించి ఉంచుతున్నారు. దేశంలోని నలుమూలలవి, బయటి దేశాలవి, అడవి మల్బరీలు కూడా. రేపు వీ-వన్‌కు కొత్త తెగులు వస్తే వెతుక్కోవడానికి అదే మన ఇనప్పెట్టె. ఆ జీడి చెట్టుకు అలాంటి ఇనప్పెట్టె కట్టలేం. కట్టాలంటే గుట్ట, అడవి, ఊట, మోకాలి వేర్ల జాజి చెట్లు అన్నీ పట్టే పెట్టె కావాలి. అది ఇప్పటికే ఉంది, దాని పేరే కత్తలెకాను.

తిరిగి వచ్చాక మా తమ్ముడికి ఫొటోలు చూపించాను. వాడు నల్లగా ఉన్న ఫొటో వైపు కాసేపు చూసి, "దీనికోసం ఎనిమిది గంటలు బస్సులో పోయినావా?" అన్నాడు. తర్వాత వాడే అడిగాడు, "ఆడది, మగది పక్కపక్కనే ఉన్న చోటు ఒక్కటైనా ఉందా అన్నా?" ఉందని చెప్పాను. "అయితే సరే" అని మేపు వేయడానికి షెడ్డులోకి పోయాడు.

దసరా, దీపావళి సెలవుల్లో జోగ్ పోయే రైతులు ఎప్పుడూ ఉంటారు, గూళ్లు అమ్మి చేతిలో నాలుగు రూపాయలు ఉన్నప్పుడు పిల్లల్ని తీసుకుపోతారు. పోతే కత్తలెకాను పక్క నుంచే హొన్నావర రోడ్డు పోతుంది. అడవిలోకి దిగాలంటే సిద్దాపుర పక్క అటవీ శాఖ ఆఫీసులో ముందే అడగండి, అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు. అనుమతి దొరికితే చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి, జలగలు ఎక్కువ, ఉప్పు పొట్లం దగ్గర ఉంచుకోండి. మోకాలి వేర్ల మీద కాలు పెట్టొద్దు. కింద మొలకలు ఉంటాయి, చూసి నడవండి. పెద్ద ఆకుల చెట్టు మాను మీద నల్లగా కారి ఎండిన చారలు కనిపిస్తే చెయ్యి పెట్టకండి, పిల్లల్ని అసలే పెట్టనివ్వకండి. నల్లజీడి బొబ్బలు గుర్తున్నవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.